దీపం కింద కలిపిన పసుపు

మా స్కార్వై దీవిలో నవంబరు చివర్లో సూర్యుడు అటకెక్కుతాడు. మళ్ళీ దిగేది క్రిస్మస్, కొత్త సంవత్సరం దాటి, జనవరి మూడో వారం గడిచాకే. ఈ మధ్యలో చీకటి ఎంత చిక్కగా ఉంటుందంటే, మా తాత దాన్ని గొడ్డలితో నరికి గోడవార పేర్చి పెట్టేవాడు. వేసవిలో మాకు రాత్రి ఉండదు కదా, నిద్ర పట్టనివాళ్ళు వచ్చి దుంగల లెక్కన కొనుక్కుపోయేవాళ్ళు. నమ్మరా? పోనీండి. కొన్నవాళ్ళూ ముందు నమ్మలేదు, దిండు కింద పెట్టుకున్నాక నమ్మారు.

ఇప్పుడు చెప్పేది మాత్రం నమ్మొచ్చు. ఒకటి రెండు చోట్ల చెయ్యి జారి ఉప్పు ఎక్కువ పడితే పడొచ్చు గానీ, చేప మాత్రం నిజం చేపే.

ఆ ఏడు చీకటి మొదలైన కొన్నాళ్ళకే మా ఆవిడ రాగ్న మంచం పట్టింది. జ్వరం లేదు, దగ్గు లేదు, కీళ్ళ నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకుంది, అంతే. ఆమెది దేశానికి దక్షిణపు కొస. అక్కడ శీతాకాలంలోనూ రోజూ సూర్యుడు మొహం చూపించి పోతాడు. నన్ను కట్టుకుని ఈ ఉత్తరపు కొసకి వచ్చాక ప్రతి ఏడూ చీకటితో కుస్తీ పట్టేది. చీకటిని ఓడించేది కాదు గానీ తనూ కిందపడేది కాదు. ఆ ఏడు ఎందుకో కుస్తీ పట్టనే లేదు. పైగా గాలివాన తెరిపి ఇవ్వలేదు. పడవలన్నీ గట్టున బోర్లా పడుకున్నాయి. మంచు పడకగది కిటికీ నిండా కూరుకుపోయి, మధ్యాహ్నం పూట కాసేపు వచ్చే ఆ నీలిమందు కలిపిన మజ్జిగ లాంటి వెలుతురు కూడా లోపలికి రాలేదు.

"ఒంట్లో ఎలా ఉందే?" అనేవాణ్ణి.

"బాగానే ఉంది."

"మరి లేవచ్చుగా."

"లేచి?" అనేది.

నేను ఇల్లంతా కలియజూసేవాణ్ణి. లేచి ఏముంది? వంటగది ఉంది, పొయ్యి ఉంది, నేనున్నాను. కిటికీ బయట గాలి ఉంది.

నాకు తెలిసిన వైద్యం ఒకటే, కబుర్లు. మా దీవిలో ఇళ్ళన్నీ యుద్ధంలో కాలిపోతే సర్కారు ఒకే నమూనాలో మళ్ళీ కట్టించింది. తలుపు అక్కడే, మెట్టు అక్కడే, మంచం అక్కడే. ఒకసారి మా సివర్ట్ బావ చీకట్లో ఇల్లు మర్చిపోయి వేరే వాళ్ళింటికి పోయి, కాఫీ తాగి, బూట్లు విప్పి, మూడు వారాలు కాపురం చేశాడనీ, ఆ ఇంటి కుక్క మొరిగితే తప్ప తెలియలేదనీ చెప్పాను. అంతకుముందు ఏడు ఇదే కథకి ఆమె నవ్వలేక పొట్ట పట్టుకుంది. ఈసారి గోడవైపే చూస్తూ, "అయిపోయిందా? అయితే దీపం తగ్గించు" అంది.

మా ఊరంతటికీ టెలిఫోను ఒకటే. అది డోర్తేయక్క కొట్లో, కిరోసిను పీపా పక్కన గోడకి ఉండేది. డిసెంబరులో ఒకరోజు రాగ్న వాళ్ళ అక్క సిగ్నె ఫోన్ చేస్తుందని కబురొచ్చింది. గాలి రోజుల్లో ఇంటింటికీ తాడు కట్టుకుంటాం, ఆ తాడు పట్టుకుని నడవకపోతే గాలి సముద్రంలోకి ఊడ్చేస్తుంది. ఎన్నాళ్ళకో రాగ్న బూట్లు తొడుక్కుంది. ముందు నేను, వెనక తను, తాడు పట్టుకుని కొట్టుకి పోయాం.

ఫోన్ వచ్చిందంటే కొట్లో బేరాలు పెరుగుతాయి. సివర్ట్ బావ, అంటే నా చెల్లెలి మొగుడు, అప్పటికే అగ్గిపెట్టె కొనడానికి వచ్చి ఒక్కో పుల్లా పరీక్షిస్తున్నాడు. ఇంకో ఇద్దరు ఉప్పు బస్తా దగ్గర దాని పుట్టుపూర్వోత్తరాలు చర్చిస్తున్నారు. సిగ్నెది పెద్ద గొంతు. ఫోన్ లేకపోయినా దక్షిణం నుంచి వినిపించేది.

"వచ్చెయ్యవే," అంటోంది. "ఇక్కడ ఎండ ఉంది. నీకు పైగది సిద్ధం చేశాను. ఆ చేపల వాసనలో ఎన్నాళ్ళు కుళ్ళుతావు?"

రాగ్న ఫోను తీగ వేలికి చుట్టుకుంది. తర్వాత అంది: "సూర్యుడొచ్చే రోజుదాకా చూస్తానక్కా. ఆ రోజు దక్షిణానికి పోయే స్టీమరు ఉంది. అప్పటికీ ఇలాగే ఉంటే ఎక్కేస్తాను. చోటు ఉంచమని చెప్పించు."

ఫోన్ పెట్టేసింది. ఉప్పు బస్తా దగ్గరి ఇద్దరూ తలుపువైపు జరిగారు. సివర్ట్ బావకి నోరు ఆగదు కదా.

"ఎక్కితే మళ్ళీ దిగుతావా, చెల్లెమ్మా?"

"తెలీదన్నయ్యా," అంది రాగ్న. ఆ మాట అంటున్నప్పుడు నావైపు చూడలేదు.

మా రేవులో లోతు చాలదు. స్టీమరు బయట సముద్రంలోనే ఆగి కూత వేస్తుంది. చిన్న పడవ వేసుకుపోయి మనుషుల్నీ మూటల్నీ ఎక్కించి దించే పని ఆ రోజుల్లో నాది. అంటే రాగ్న వెళతానంటే తెడ్డు వెయ్యాల్సింది కూడా నేనే. ఆ రోజు తాడు పట్టుకుని తిరిగొస్తూ ఆ సంగతే ఆలోచించాను. నోరు తెరిచి వెళ్ళొద్దని ఆమెతో అనలేదు. పెళ్ళాన్ని కట్టేసుకోవడానికి ఆమె పడవా?

తర్వాత కొన్నాళ్ళకి పొద్దున, పొద్దునంటే గడియారంలో పొద్దున, కాఫీ పట్టుకెళితే మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఐలిఫ్, ఈ గోడ ఏం రంగు?"

"బూడిద రంగు. నేనే వేశానుగా. యుద్ధం అయ్యాక మిగిలిన ఓడల రంగు. చుట్టూ పది దీవుల్లో పడకగదులన్నీ ఇదే రంగు."

"ఇందులో పడుకుంటే సముద్రం అడుగున పడుకున్నట్టుంది. దీన్ని తీసేద్దాం. నాకు పసుపు కావాలి."

నాకు నవ్వొచ్చింది. మా వైపు రంగులూ పూల కాగితాలూ ముందు గదికే, వచ్చేపోయేవాళ్ళు చూసే గదికి. పడకగదిలో పొయ్యి కూడా పెట్టం. చల్లగా ఉంటేనే నిద్ర పడుతుందని, ఈకల దుప్పట్లో దూరి ముక్కు మాత్రం బయట పెట్టి పడుకుంటాం.

"పడకగదికి రంగెందుకే? కళ్ళు మూసుకుని ఉండే చోటది."

"నేను మూసుకోవట్లేదుగా," అంది.

అప్పుడు నవ్వు పోయింది. ఇన్నాళ్ళూ నేను పక్కన గురక పెడుతుంటే ఆమె ఆ బూడిద గోడని చూస్తూ పడుకుందన్నమాట. కాఫీ అక్కడ పెట్టి తాడు వెతుక్కున్నాను.

డోర్తేయక్క కొట్లో తెల్లరంగు డబ్బాలున్నాయి. అందులో కలుపుకునే పసుపు గొట్టాలు కూడా ఉన్నాయి. రాగ్న తనే వస్తానంది, తనే కలుపుతానంది. ఆ మాటకే నాకు పండగ. కొట్లో వేలాడే బల్బు కింద పీట వేసి, డబ్బా మూత తీశాం.

"ఇప్పుడా?" అంది డోర్తేయక్క. "చీకటి నెలల్లో మూడు పనులు చెయ్యొద్దంటారు. గొర్రెని కొనొద్దు, పెళ్ళికూతుర్ని చూడొద్దు, రంగు కలపొద్దు."

"మొదటి రెండూ నేను చేశాను," అన్నాడు సివర్ట్ బావ. "గొర్రె మంచిదే దొరికింది."

"ఒరేయ్ బావా, రెండోది నా చెల్లెలు!"

"నేను గొర్రె గురించేగా చెప్పింది. మీ చెల్లెల్ని ఏమన్నా అన్నానా?"

రాగ్న ఇవేమీ వినట్లేదు. గొట్టం నొక్కి, కర్రతో తిప్పి, బల్బు కిందికి పట్టి చూసింది. "తెల్లగానే ఉంది. ఇంకాస్త." మళ్ళీ నొక్కింది. "ఊహూ." మళ్ళీ. నిజంగానే ఎంత కలిపినా పాలలాగే ఉంది. అందరం డబ్బా మీదికి వంగాం. వెన్నరంగు రావాలని డోర్తేయక్క, గుడ్డు సొన రంగు రావాలని బావ, గుడ్డుకీ వెన్నకీ మధ్య ఏదో ఒకటి వస్తే ఇంటికి పోవచ్చునని నేను. కొట్లో ఉన్న గొట్టాలన్నీ అయిపోయాక రాగ్న కర్ర పైకెత్తి చూసింది. దాని కొస నుంచి రంగు మెల్లగా జారింది.

"ఇదే," అంది. "జూన్లో పొద్దున్నే మా ఊళ్ళో గోడ మీద పడే ఎండ."

ఆమె మొహం చూసి, ఆ డబ్బాలో జూన్ నెలే ఉందని నేను కూడా నమ్మాను.

మంచం వంటగదిలోకి తెచ్చాం. బయట గాలి ఇంటి తలుపుల్ని అప్పుడప్పుడు తట్టి పోతోంది. లోపల దీపాలు మూడు పెట్టుకుని గోడలు గీకాం. రాగ్న నా పాత చొక్కా వేసుకుని నిచ్చెనెక్కింది. తలకి గుడ్డ చుట్టుకుంది. కిటికీ తెరిచే వీల్లేక రంగు వాసనకి ఇద్దరికీ తల తిరిగింది. తాగకుండానే తాగినట్టుంది. నాకు హుషారొచ్చి, మా తాత తన పడవకి వేసిన ఎర్రరంగు కథ ఎత్తుకున్నాను. ఆ ఎరుపు ఎంత అందమైనదంటే, కాడ్ చేపలు అది చూసి సిగ్గుతో కళ్ళు దించుకుని వరసగా వలలోకి నడిచొచ్చేవని చెప్పాను.

నిచ్చెన మీద నుంచి రాగ్న అంది: "అబద్ధమైనా సరిగ్గా చెప్పు. చేపకి రెప్పలుండవు. సిగ్గుపడితే కళ్ళెలా దించుతుంది?"

"మరేం చేస్తుంది?"

కుంచె ఆపి ఆలోచించింది. "వెనక్కి తిరుగుతుంది. అందుకే మీ తాత వలలోకి అన్నీ తోకవైపు నుంచి వచ్చుంటాయి."

నేను నిచ్చెన కాలు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. నా కథని ఆమె దిద్దింది! ఇన్నాళ్ళ తర్వాత. స్టీమరు గీమరు ఏదీ రాదు ఇక, అనుకున్నాను.

గది పూర్తయింది. గుమ్మంలో నిలబడి దీపం ఎత్తి చూస్తే ఎంత బాగుందో చెప్పలేను. గోడలన్నీ మెత్తగా, వెచ్చగా, వెన్న రాసినట్టు. ఊరంతా తాడు పట్టుకుని వచ్చి గుమ్మంలోంచి చూసి, కాఫీ తాగి, పడకగదికి ఇంత సోకా అని మూతి తిప్పి పోయారు. మూతి తిప్పినవాళ్ళే మర్నాడు మళ్ళీ వచ్చి చూశారు.

చిక్కల్లా ఒకటే. రంగు ఆరలేదు.

పొయ్యి లేని గది. గోడల వెనక మంచు. గాలంతా తడి. రాగ్న పొద్దున లేవగానే గుమ్మంలోంచి చెయ్యి చాపి ఒక వేలు గోడకి ఆనించేది. వేలు పచ్చగా వచ్చేది. గుడ్డకి తుడుచుకునేది. మర్నాడు మళ్ళీ వేలు. మళ్ళీ గుడ్డ. ఆ గుమ్మం పక్క గోడ ఆమె వేలిముద్రలతో చుక్కలు చుక్కలుగా అయింది.

మేమేమో వంటగదిలో ఇరుక్కున్నాం. మంచం, బల్ల, పొయ్యి, ఆరేసిన మేజోళ్ళు, పడకగదిలోంచి వచ్చిన బీరువా, ఇన్నింటి మధ్య మనిషి పక్కకి తిరగాలంటే రెండో మనిషి లేచి నిలబడాలి. ఉడికించిన చేప వాసన దుప్పట్లకి పట్టింది. క్రిస్మస్ అలాగే అయింది. కొత్త సంవత్సరం అలాగే వచ్చింది. గాలి ఆగలేదు. నాకు మొదటిసారి ఇల్లు బోనులా అనిపించింది. పుట్టి పెరిగినవాడికే అలా అనిపిస్తే, ఎండలోంచి వచ్చినదానికి ఎలా ఉంటుంది?

సివర్ట్ బావకి జాలేసి, తన పడవలోని చిన్న ఇనుప పొయ్యి భుజాన వేసుకుని తెచ్చాడు.

"గదిలో మంట పెట్టు బావా. రాత్రికల్లా ఆరిపోతుంది. నా మాట విను."

విన్నాం. మంట పెట్టాం. గది వేడెక్కింది, వేడెక్కగానే గడ్డకట్టిన గోడలకి చెమట పట్టింది. నీటి బొట్లు రంగు మీదుగా చారలు తీసుకుంటూ దిగాయి. కింద చెక్కల మీద పచ్చని నీళ్ళు నిలిచాయి. బావ పొయ్యి ఎత్తుకుని చప్పుడు లేకుండా పోయాడు. బావ చప్పుడు లేకుండా పోవడం మా దీవిలో అదే మొదలు, అదే ఆఖరు.

రాగ్న ఆ నీళ్ళు తుడిచి, కుంచెతో చారలు సర్ది, వచ్చి వంటగదిలో మంచం మీద పడుకుంది. గోడవైపు తిరిగింది.

"ఈ గోడ తెల్లగా ఉందిగా," అన్నాను.

"ఏ రంగైతే ఏం?" అంది. "చూడు ఐలిఫ్, నా గది సిద్ధంగా ఉంది, లోపలికి మాత్రం పోలేను. గుమ్మంలో నిలబడి చూడాలి. ఈ ఊళ్ళో నా బతుకు మొదట్నుంచీ అంతే."

ఆ తర్వాత రెండు రోజులకి బీరువా పైనుంచి పెట్టె దించింది. పెళ్ళయి వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టె. అందులో ఉన్ని చొక్కాలు ఒక్కొక్కటే మడిచి పెట్టింది. దాచలేదు, చూపించనూ లేదు. నేను వల అల్లుతున్నట్టు కూర్చున్నాను. ఆ పూట అల్లిన వలలో తిమింగలం కూడా నిలవదు, అన్నీ కన్నాలే.

జనవరి మొదటి వారం దాటాక ఒకరోజు లేచేసరికి పాత హోరు ఆగి చెవులు దిబ్బడ వేసినట్టయింది. గాలి తిరిగింది. సముద్రపు గాలి పోయి, నేల మీద నుంచి పొడిగాలి, కొరడాలాంటి చలిగాలి మొదలైంది. ఆకాశం నిండా చుక్కలు. చేపలు ఆరేసే పందిళ్ళ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఖాళీ వాసాల మధ్య నుంచి గాలి ఈలలేస్తోంది. అప్పుడు తట్టింది, ఇన్నేళ్ళు చేపలు ఎండబెట్టి బతికినవాణ్ణి, నాకేం పోయేకాలం? పరుగెత్తుకుంటూ వచ్చి పార పట్టుకున్నాను. పడకగది కిటికీ బయట మంచు తవ్వి పారేశాను. లోపలికొచ్చి కిటికీని చట్రంతో సహా ఊడబెరుకుతుంటే రాగ్న గుమ్మంలోకి వచ్చింది.

"పిచ్చెక్కిందా? ఇల్లు గడ్డకట్టిపోతుంది!"

"మనం చేపల్ని దేంతో ఎండబెడతామే?"

"ఏంటా ప్రశ్న?"

"చెప్పు. పొయ్యి మీదా? ఎండలోనా?"

ఆమె నన్నూ, కిటికీ ఉన్నచోట ఉన్న కంతనీ చూసింది. "గాలికి," అంది మెల్లగా.

"మరి గోడ చేపకన్నా గొప్పదా?"

వంటగది తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, కోట్లు తొడుక్కుని, టోపీలు పెట్టుకుని కూర్చున్నాం. గది లోపలికి వెళ్ళిన గాలి అటు తెరిచి పెట్టిన వీధి తలుపులోంచి, ఇటు కిటికీలోంచి రోజులకి రోజులు పారింది. కాఫీ గిన్నె నుంచి కప్పులోకి వంచేలోగా మధ్యలో పేడులాగా గడ్డకడితే విరుచుకుని చప్పరించామంటే నమ్మరు గనక ఆ సంగతి వదిలేస్తున్నాను. ఇంకో మాట నిజం. ఆ చలిలో ఇద్దరం ఒకే దుప్పటి చుట్టుకుని పొయ్యి ముందు కూర్చున్న ఆ రోజుల్లో రాగ్న నాతో మాట్లాడింది. వాళ్ళ ఊళ్ళో యాపిల్ చెట్ల గురించి, వాళ్ళమ్మ గురించి, మొదటిసారి ఇక్కడ దిగినప్పుడు పడవలో నన్ను చూసి, "ఈ వాగుడుకాయతో కనీసం నిశ్శబ్దం బాధ ఉండదు" అనుకున్నదాని గురించి. నేను నోరు మూసుకుని విన్నాను. అది నాకెంత కష్టమో మీకు తెలీదు.

ఆరింది. అక్కడక్కడా మంచు రవ్వలు గుచ్చిన గుంటలున్నాయి గానీ ఆరింది. సూర్యుడొచ్చే రోజుకి ముందురోజు కిటికీ మళ్ళీ బిగించి, మంచం లోపలేశాం. తెల్ల దుప్పటి పరిచి, దీపం పెట్టుకుని రాగ్న పడుకుంది. చాలాసేపు గోడలకేసి చూసి నిద్రపోయింది.

పెట్టె మాత్రం గుమ్మం పక్కనే ఉంది. అందులోంచి ఒక్క మేజోడు కూడా బయటికి రాలేదు. నేను అడగలేదు.

సూర్యుడొచ్చే రోజున మా ఊళ్ళో బడి వదిలేస్తారు. పిల్లా పెద్దా ఊరి వెనక దిబ్బ ఎక్కి దక్షిణానికి తిరిగి నిలబడతాం. ఆడవాళ్ళు తీపి రొట్టెలు చేసి సంచుల్లో వేసుకొస్తారు. మబ్బు పట్టిందంటే అందరం మబ్బుని తిట్టి రొట్టెలు తిని దిగుతాం.

"రావే," అన్నాను.

"నువ్వు పో. నేను గదిలోంచి చూస్తాను. కిటికీ అటే ఉందిగా."

దిబ్బ ఎక్కాను. ఆకాశం శుభ్రంగా ఉంది. సముద్రం అంచు రాజుకుంది, ఎర్రబడింది, ఆ తర్వాత గోరంత అంచు పైకి వచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. డోర్తేయక్క ఎప్పటిలాగే ఏడ్చింది. సివర్ట్ బావ టోపీ తీసి, "ఏమయ్యా, దారి మర్చిపోయావనుకున్నాం" అని పలకరించాడు. నాకు నిలబడబుద్ధి కాలేదు. స్టీమరు వేళవుతోంది. అందరూ దక్షిణానికి చూస్తుంటే నేను దిబ్బ దిగి ఇంటికి పోయాను.

పడకగది గుమ్మంలో ఆగిపోయాను.

ఎండ కిటికీలోంచి అడ్డంగా వచ్చి గోడలకి తగిలింది. వెన్న లేదు, పాలు లేవు, జూన్ లేదు. గది నిండా ఒకటే పసుపు, కేకలు పెడుతున్న పసుపు. మేం వానలో వేసుకునే రబ్బరు కోటు రంగు. ఆ కోటులో మనిషిని పెట్టి మెడదాకా బొత్తాలు బిగించినట్టుంది. దుప్పటి పచ్చగా ఉంది, కప్పు పచ్చగా ఉంది, మంచం మీద కూర్చున్న మా ఆవిడ మొహం పచ్చగా ఉంది. నా చేతులు చూసుకున్నాను. అవీ అంతే. దీపం వెలుగులో పసుపు తెల్లగా కనబడుతుందని, తెల్లగా ఉంది కదా అని ఇంకా ఇంకా కలిపామని, అప్పుడు అర్థమైంది.

చేతులు జేబుల్లో దాచుకున్నాను.

"ఇది వెన్న కాదు," అన్నాను చివరికి.

"కాదు."

"ఎండ కూడా కాదనుకుంటా."

"కామెర్లు," అంది రాగ్న.

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. లేచి గోడ దగ్గరికి పోయి, తల పక్కకి వంచి, కుంచె చారల్ని చూసింది. కిటికీ పక్కన చెయ్యంత మేర అసలు రంగే పడలేదు. బూడిద అలాగే ఉంది. మూడు దీపాలు పెట్టుకుని మేమిద్దరం అది చూడనే లేదు. వేలితో అక్కడ రాసింది.

అంతలోనే ఎండ పోయింది. మొదటిరోజు అది ఉండేది కాసేపే. గది మళ్ళీ నీలంగా అయిపోయింది. బయట సముద్రంలో స్టీమరు కూత వేసింది.

నేను పెట్టె పిడి మీద చెయ్యి వేశాను. నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. "తీసుకెళ్ళనా?"

"ఆగు," అంది గోడవైపే చూస్తూ.

ఆగాను. మా దీవిలో గాలి ఆగుతుంది, అలలు ఆగుతాయి, స్టీమరు మాత్రం ఆగదు. రెండో కూత వేసింది.

"ఐలిఫ్, స్టీమరు వాళ్ళని అడిగితే రంగు తెస్తారా?"

"వచ్చే ట్రిప్పుకి చెబితే తెస్తారు."

"చెప్పు. దీన్నిలా వదిలి పోతే, రాగ్న వేసిన రంగు చూడండి అని డోర్తేయ చచ్చేదాకా చెబుతుంది."

నా చెయ్యి ఇంకా పెట్టె మీదే ఉంది. "మరి ఇది?"

తిరిగి చూసింది, అది అక్కడ ఎందుకుందన్నట్టు. "కాస్త పక్కకి జరుపు. ఆ మూల ఎలా ఉందో కనబడట్లేదు."

జరిపాను.

రేవుకి పోయి పడవ తోశాను. రంగుతో ఆమె బాగుపడిపోయిందని చెబితే అది నా అబద్ధాల మూటలోకి పోతుంది. తర్వాతి శీతాకాలాల్లోనూ ఆమె గోడవైపు తిరిగిన రోజులున్నాయి. పెట్టె దించిన ఏడు కూడా ఇంకొకటి ఉంది. అది వేరే సంగతి. ఆ రోజు మాత్రం, ఖాళీ పడవలో నా ఎదుటి బల్ల మీద ఎవరూ లేకపోవడం చూసుకుంటూ, స్టీమరుకి వీపు పెట్టి తెడ్డు వేసుకుంటూ దాని దగ్గరికి పోయాను. పై నుంచి ఆఫీసరు తొంగి చూశాడు.

"ఏమయ్యా, ఒక మనిషి ఎక్కాలన్నారే, ఏదీ?"

"ఎక్కదు."

"మరి ఖాళీ పడవేసుకుని ఇంతదూరం ఎందుకొచ్చావు?"

"రంగు కావాలి. వచ్చే ట్రిప్పుకి, పడకగదికి."

"ఏం రంగు?"

"మా ఆవిడ ఇంకా చెప్పలేదు," అన్నాను. "రేపు మధ్యాహ్నం ఎండలో చూసి చెబుతుందట. రేపు ఇవాళ్టికంటే కాస్త ఎక్కువసేపుంటుంది కదా."